పగలాల్సిన సమ్మనసు

పొద్దున చర్చిలో మొదటి పఠనం సగంలో ఉండగానే వాన మళ్ళీ అందుకుంది. రేకుల మోతకి, చదువుతున్న సిస్టరుగారు గొంతు పెంచారు. స్తంభం పక్కన బల్ల చివర కూర్చున్న యాగప్ప ఒక చెవి వాక్యానికి, ఒక చెవి వానకి ఇచ్చాడు. ముసురు ఇలాగే పట్టుకుంటే షెడ్డులో నిలబెట్టి వచ్చిన ప్లాస్టర్ స్వరూపానికి లోపలి తడి ఆరదు. సాయంత్రం దాన్ని షూటింగులో పగలగొట్టాలి. తడి ప్లాస్టర్ పగలదు, నలుగుతుంది.

ఇంతలో మట్టిపాత్రల మాట వచ్చింది. దేవుడు తన నిధిని బంగారంలో కాక మట్టిపాత్రలలో పెట్టాడని పౌలుగారు రాసిన మాట. యాగప్ప రెండో చెవిని కూడా వాన నుంచి లాక్కుని ఇటు తిప్పాడు. జూలై ఇరవై అయిదు అపోస్తలుడైన యాగప్పగారి పండుగ. ఏటా ఈ రోజున ఇదే పఠనం వస్తుంది. ఏటా విన్నదే అయినా, జీవితమంతా అచ్చులు పోసిన మనిషికి తన ఇంటి సంగతి ఎవరో గుడిలో నిలబడి చదువుతున్నట్టే ఉంటుంది.

ఆయన పుట్టిందీ ఈ రోజునే. గుంటూరు జిల్లాలో వాళ్ళ ఊరి క్రైస్తవులకి పిల్లల పేర్ల కోసం తల బద్దలు కొట్టుకునే పని లేదు. పుట్టిన రోజు ఏ పునీతుడి పండుగైతే ఆ పేరే. ఇన్నాసివారి పండుగనాడు పుడితే ఇన్నయ్య, శౌరివారి పండుగనాడు పుడితే శౌరి. ఒక్కరోజు ముందు పుట్టి ఉంటే క్రిస్టీనమ్మ పండుగ పడేదని, మగపిల్లాడికి ఆ పేరు ఎలా పెట్టాలో తెలియక మామగారు ఊరంతా తిరిగేవారని, భార్య లూర్దమ్మ బతికున్న రోజుల్లో ఆటపట్టించేది.

తరువాత సువిశేషం. యాగప్ప, యోహాను అనే ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వాళ్ళమ్మ ప్రభువు దగ్గరికి వస్తుంది. నీ రాజ్యంలో వీళ్ళిద్దరినీ నీకు చెరోపక్కన కూర్చోబెట్టుకో అని అడుగుతుంది. ఇది విన్నప్పుడల్లా యాగప్పకి నవ్వొస్తుంది. ఫిల్మ్‌నగర్‌లో ఏ ఆఫీసు గేటు ముందు చూసినా ఆ తల్లి కనిపిస్తుంది మరి. కొడుకు ఫొటోలు సంచీలో పెట్టుకుని, వాచ్‌మన్‌ని బతిమాలుకుంటూ నిలబడి ఉంటుంది.

పూజ అయ్యాక ఫాదర్ గుమ్మంలో ఆపి నెత్తిన చెయ్యి పెట్టారు. "పండుగ శుభాకాంక్షలు యాగప్పా. ఇవాళైనా సెలవు పెట్టొచ్చుగా?"

"నా పేరుగల ఆయనే సెలవు పెట్టలేదు కదండీ," అన్నాడు యాగప్ప. గొడుగు విప్పుకుని కృష్ణానగర్ వైపు నడిచాడు.

పొట్టి మనిషి. ఎముకలకి చర్మం ఎంత కావాలో అంతే ఉంది. కనుబొమ్మల్లో ఇరుక్కున్న తెల్లపొడి ఏ సబ్బుకీ వదలదు. ఎక్కడ కూర్చుని లేచినా లాగు ముద్ర తెల్లగా పడుతుంది కనక, బస్సులో ఖాళీ సీటున్నా నిలబడే వస్తాడు. ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఈ మధ్య ఆగాల్సి వస్తోంది. ఆగినప్పుడు వాన చూస్తున్నట్టు నిలబడతాడు. ఎవరైనా అడిగితే గ్యాస్ అంటాడు.

వాళ్ళ నాన్న మద్రాసు స్టూడియోల్లో అచ్చులు పోసేవాడు. రాజులకి సింహాసనాలు, భీముడికి గదలు, రాక్షసులకి కోరలు. యాగప్ప ఆయన చేతికిందే పని నేర్చాడు. సినిమాలు హైదరాబాదుకి తరలినప్పుడు అచ్చులన్నీ లారీకెత్తి, పైన లూర్దమ్మను కూర్చోబెట్టి ఇక్కడికొచ్చాడు. అప్పుడు జూబ్లీహిల్స్ అంటే బండలు. ఆ బండలను పేల్చి పెద్దవాళ్ళు ఇళ్ళు కట్టుకున్నారు. అక్కడే పక్కన షూటింగులకి కావలసిన ఉత్తుత్తి బండలను యాగప్ప పోశాడు. కొండంత పని చేసినా తెర మీద ఆయన పేరు ఎప్పుడూ పడలేదు, పడాలని ఆయనా అనుకోలేదు. పిల్లలు కలగలేదు. లూర్దమ్మ పోయాక రహమత్‌నగర్‌లో ఒక గది, ఉదయం గుడి, పగలంతా షెడ్డు.

ఆయన రోజులు లెక్కపెట్టేది నెలలతో కాదు, పునీతులతో. తోమాసుగారి పండుగ దాటితే ముసురు, ప్లాస్టర్ ఆరదు. లూకాగారి పండుగ వచ్చిందంటే ఎండ తేటపడుతుంది, రంగులు బాగా పడతాయి. జోజప్పగారి పండుగనాడు ఉలి, సుత్తి కడిగి పక్కన పెట్టాలి. "ఎప్పుడిస్తారండీ?" అని సినిమావాళ్ళు అడిగితే, "అంతోనివారి పండుగకి" అంటాడు. వాళ్ళు బిక్కమొహం వేస్తే అప్పుడు తేదీ చెబుతాడు. పొద్దున పూజలో విన్న పఠనం నుంచి ఒక్క మాట కొంగున ముడేసుకున్నట్టు తెచ్చుకుని, సాయంత్రం దాకా పని చేస్తూ దాన్నే నములుతుంటాడు. చదువు అయిదో తరగతితో ఆగింది. ఆయనకి బైబిలు వచ్చింది ఇలా రోజుకొక్క మాటగానే.

షెడ్డుకి వచ్చేసరికి కొమురమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టింది. ప్లాస్టర్ కలిపేది, కొబ్బరిపీచు విడదీసేది, బస్తాలు మోసేది అన్నీ ఆవిడే. యాభై ఏళ్ళ మనిషి. మొన్ననే బోనం ఎత్తింది, కాళ్ళ పసుపు ఇంకా పూర్తిగా పోలేదు. పొద్దున్నే చాయ్ గ్లాసు కన్నా ముందు ఆవిడ ఇచ్చేది ఒక ప్రశ్న.

"అన్నా, ఇయ్యాల ఎవలది పండుగ?"

"నాదే," అన్నాడు యాగప్ప గొడుగు మూస్తూ.

"నీదా? నువ్వెప్పుడు దేవునివైనవ్?"

"నేను కాదులే. నా పేరుగల ఆయన. చేపలు పట్టేవాడు. ప్రభువు పిలవగానే వలనీ, పడవనీ, కన్నతండ్రినీ ఒదిలేసి వెళ్ళిపోయాడు. శిష్యుల్లో అందరికన్నా ముందు ప్రాణం ఇచ్చింది కూడా ఆయనే. ఆయనకీ తమ్ముడికీ ఉరుము బిడ్డలని ముద్దుపేరు."

కొమురమ్మ నవ్వింది. "ఉరుము బిడ్డ పేరు నీకు వెట్టిన్రా? నీ నోట్లెంచి గట్టి మాట ఇన్నోళ్ళు ఈ బస్తీల లేరు."

కొడుకులకి సీట్లడిగిన తల్లి సంగతి కూడా చెప్పాడు. కొమురమ్మ వెంటనే ఆ తల్లి పక్షం తీసుకుంది. "తల్లి అడగక ఎవలడుగుతరన్నా? ఆమెనేం అనకు." ఏ పునీతుడి కథ చెప్పినా ఆవిడకి ఒక తీర్పు ఉంటుంది. అసిస్సీపురి ఫ్రాన్సిస్ వారు బట్టలు కూడా తండ్రికి విప్పి ఇచ్చేశారని విన్నరోజు, "తండ్రి పానం ఎంత కొట్టుకున్నదో" అని పనంతా ఆపి బాధపడింది.

అయితే ఇవాళ నవ్వు చప్పున ఆగిపోయింది. గ్లాసు ఇచ్చి, అవసరం లేకపోయినా చీపురు తీసుకుని మూలకు పోయింది.

యాగప్ప టార్పాలిన్ తీశాడు. మనిషి ఎత్తు సమ్మనసు. రెక్కల దేవదూతని వాళ్ళ ఊళ్ళో సమ్మనసు అనే అంటారు. ప్రతి మనిషికీ ఒక కావలి సమ్మనసు తోడుంటుందని నమ్మకం. ఈ స్వరూపం ఒక రెక్క కిందకి వంచి ఉంటుంది, ఆ నీడలో ఒక చిన్న పిల్లవాడు. సినిమాలో చర్చిలో ఫైటు ఉంది. పైన పాటలవాళ్ళు నిలబడే అరుగు మీద నుంచి ఫైటరు వెనక్కి విరుచుకుని ఈ సమ్మనసు మీద పడాలి, అది ముక్కలు కావాలి. అందుకని ఒకే అచ్చులో రెండు పోశారు. దగ్గరి షాట్లకు ఒకటి, లోపల పీచు, కర్రలు పెట్టి గట్టిగా చేసింది. అది నిన్ననే సెట్టుకి వెళ్ళిపోయింది. పగలాల్సిన రెండోది పీచు లేకుండా, గుడ్డుపెంకంత పలచగా ఉండాలి.

పునీతుల స్వరూపాలు పగలగొట్టడానికి చేసివ్వొచ్చా అని ఆయన ఒకసారి ఫాదర్‌ని అడిగాడు. ఫాదర్ నవ్వి, దీవించని స్వరూపం ఉత్త ప్లాస్టరేనని ధైర్యం చెప్పారు. మనసు ఒప్పుకుంది. చేతులే మాట వినలేదు. పగిలిపోయేదానికి కూడా ముఖం శ్రద్ధగా తీరుస్తాడు. ఈ పిల్లవాడి ముఖం మరీ బాగా కుదిరింది.

సమ్మనసు భుజం మీద వేలి కణుపుతో కొట్టి చూశాడు. ఖాళీ కుండలా మోగాలి. గోడ మీద కొట్టినట్టు వినపడింది. ఇంకోచోట కొట్టాడు. అదే చప్పుడు. రెండు చేతులూ నడుం కింద వేసి కాస్త ఎత్తబోయాడు. కదల్లేదు.

"కొమురమ్మా."

చీపురు ఆగింది.

"నేను మగ్దలమ్మ పండుగ పూజకని వెళ్ళినప్పుడు లోపలివైపు వెనకపూత నీకు అప్పజెప్పాను. ఏం వేశావు దీంట్లో?"

ఆవిడ చీపురు గోడకి ఆనించింది. "పీచు వేసిన. కర్రలు గూడ పెట్టిన."

"ఎందుకు?"

"రెక్క కింద పోరడున్నడు గదన్నా. గంత ముద్దుగ చేసినవ్ వాని ముఖం. వాన్ని పగలగొడ్తరంటే నా పానం ఒప్పలే. గట్టిగుంటే పగలదు, పగలకుంటే వాపస్ తెస్తరనుకున్న."

"మరి దాని మీద పడేవాడి సంగతో!" అని అరిచాడు యాగప్ప. షెడ్డు రేకులు మోగాయి. పక్క షెడ్డులో వడ్రంగి రంపం ఆపాడు. "రాయి మీద పడినట్టు పడతాడు! మౌళి నడుం విరుగుద్ది! వాడికి తల్లి లేదా, ఇల్లు లేదా?"

ఆ ఫైటరు మౌళిని కొమురమ్మకి తెలుసు. వాళ్ళ వీధి చివరే ఉంటాడు. ఆ సంగతి అసలు తట్టనే లేదు ఆవిడకి. పిల్లవాడి ముఖం చూసి ప్లాస్టర్‌ని కాపాడింది, పడబోయే మనిషిని మరిచిపోయింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బస్తా మీద కూలబడింది. మన ఊళ్ళలో దేవుడి బొమ్మ పగిలితే అరిష్టమని పుట్టిన దగ్గరనుంచి విన్న మనిషి, ఇంతకన్నా ఏం చేస్తుంది?

యాగప్పకి తన అరుపు తనకే సిగ్గనిపించింది. గుండెలో ఏదో పట్టేసినట్టయితే కాసేపు గోడకానుకుని, మెల్లగా వచ్చి ఆవిడ ముందు గొంతుకూర్చున్నాడు.

"చూడు కొమురమ్మా. కావలి సమ్మనసు పని కాపలా కాయటం. ఇది మౌళిని కాయాలంటే పగలాలి. పగలకపోతే ఇది సమ్మనసు కాదు, బండ."

అంతలోనే వ్యాను హారన్ కొట్టింది. సాయిశ్రీనివాస్ రెయిన్‌కోటు దులుపుకుంటూ లోపలికి వచ్చాడు. ఆర్ట్ డైరెక్టరు దగ్గర అసిస్టెంటు. నిద్ర లేక కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "యాగప్పగారూ, ఎక్కించేద్దామాండీ?"

"ఇది పనికిరాదు బాబూ. తప్పు నాదే, మందం ఎక్కువైపోయింది."

కొమురమ్మ నోరు తెరవబోయింది. యాగప్ప కళ్ళతోనే వద్దన్నాడు.

సాయిశ్రీనివాస్ సమ్మనసు చుట్టూ తిరిగాడు. "సార్, షాట్ నాలుగింటికి. రేపు సెట్ తీసేస్తున్నారు, హీరోగారికి ఇంక డేట్స్ లేవు. కట్టర్ పెట్టి అక్కడక్కడా కోసేయండి. పైన రంగు పూసేద్దాం, ఎవరికీ తెలియదు."

"కోసినా పీచు వదలదు బాబూ. పగిలినట్టు కనపడుద్ది గానీ ముక్కలు ఊడిపడవు. మొనలు తేలి నిలబడతాయి. వాటి మీద పడతాడు మనిషి."

సాయిశ్రీనివాస్ మంచివాడే. ఆ మాట వినగానే కట్టర్ ఊసు మళ్ళీ ఎత్తలేదు. రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "మరేం చేద్దామండీ? డైరెక్టర్‌గారు నన్ను తినేస్తారు."

"నాలుగింటికి ఇంకోటి ఇస్తాను."

"ఈ వానలోనా?"

"నువ్వు పెద్ద లైట్లు పంపు. ఎన్నుంటే అన్ని."

వెంటనే పనిలోకి దిగారు. అచ్చు రెండు చెక్కలూ విప్పి కడిగారు. సబ్బునీళ్ళూ నూనే కలిపి లోపల మూలమూలకీ పూశాడు యాగప్ప. ఈకల సందుల్లో, వేళ్ళ మధ్యలో, పిల్లవాడి చెవి వెనక. కొమురమ్మ జల్లించిన పొడి నీళ్ళలో చల్లి చెయ్యి పెట్టి తిప్పింది, ఉండ లేకుండా. పాలంత పలచటి పూత మొదట. అది బిగిసేలోపు పెరుగంత చిక్కటిది మీద. యాగప్ప ముంజేతుల దాకా తెల్లబడి, అచ్చు లోపలికి వంగి, వేళ్ళ కొసలతో మందం తడిమి చూసుకుంటూ పూశాడు. కంటికి తెలియని మందం ఆయన వేలికి తెలుస్తుంది. మధ్యలో రెండుసార్లు ఎడమచెయ్యి పట్టుకుని ఆగాడు.

"కాసేపు కూసో అన్నా," అంది కొమురమ్మ.

"ప్లాస్టర్ కూర్చోదుగా," అన్నాడు.

స్టూడియో నుంచి లైట్లు వచ్చాయి. అచ్చు విప్పితే, తెల్లగా, వణుకుతున్నట్టు నిలబడింది కొత్త సమ్మనసు. చుట్టూ లైట్లు, కింద రెండు కుంపట్లు పెట్టారు. షెడ్డంతా ఆవిరి. ఇద్దరూ చెమటలు కక్కుతూ అట్టముక్కలతో విసిరారు. బయట వాన కురుస్తూనే ఉంది.

పైపైన ఆరగానే యాగప్ప సన్న ఉలి తీసుకుని పిల్లవాడి ముఖం ముందు కూర్చున్నాడు. అచ్చు అతుకు గీత ముక్కు మీదుగా పోతోంది. దాన్ని మెల్లగా గీకి, తడిగుడ్డతో నునుపు చేశాడు. పెదవి చివర పోసినప్పుడు నిండని చోట చిటికెడు పెట్టాడు.

కొమురమ్మ ఇక ఉండబట్టలేకపోయింది. "ఎందుకన్నా? జరసేపైతే పగిలేదానికి."

"ఎంతసేపు ఉంటుందో చూసి పని చేస్తామా? అలాగైతే ముసలివాళ్ళకి అన్నం పెట్టేవాళ్ళే ఉండరు." ఉలి ఆపకుండానే పొద్దున పఠనంలో మాట చెప్పాడు. దేవుడు నిధిని తీసుకెళ్ళి మట్టిపాత్రలో పెట్టాడట.

ఆవిడ ఆలోచించింది. "ఇనుప పెట్టె దొరకలేదా ఆయనకు?"

యాగప్పకి నవ్వాగలేదు. నవ్వుతో పాటు దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక అన్నాడు, "ఇనుప పెట్టెలో పెడితే అందరూ పెట్టెనే చూస్తారు కొమురమ్మా."

మూడు దాటాక కణుపుతో కొట్టి చూశాడు. మోగింది. పూర్తిగా కాదు, నడుం దగ్గర ఇంకా కాస్త పచ్చిగా ఉంది. కానీ ఇంక టైము లేదు. దుప్పట్లు చుట్టి, పైన టార్పాలిన్ కప్పి, నెలల పిల్లని మోసినట్టు వ్యానెక్కించారు. చెక్‌పోస్ట్ దాకా ట్రాఫిక్‌లో కుదుపు తగిలినప్పుడల్లా కొమురమ్మ మైసమ్మని, యాగప్ప మరియమ్మని తలచుకున్నారు.

స్టూడియో ఫ్లోరులో చర్చి సెట్టు ధగధగలాడుతోంది. అంతా ప్లైవుడ్డు, గుడ్డ, రంగు. అయినా లైట్‌బాయ్స్ చెప్పులు బయట విడిచి లోపలికొస్తున్నారు. విడవమన్నవాళ్ళు లేరు, వద్దన్నవాళ్ళు లేరు. నిన్న వచ్చిన గట్టి సమ్మనసు పాదాల దగ్గర ఎవరో రెండు మందారాలు కూడా పెట్టారు. దాన్ని పక్కకి జరిపి, ఆ స్థానంలో కొత్తదాన్ని నిలబెట్టారు.

మౌళి వచ్చాడు. ముప్పై దాటిన మనిషి, మోకాళ్ళకు, మోచేతులకు మెత్తలు కట్టుకుని ఉన్నాడు. సమ్మనసు పాదాలు తాకి కళ్ళకద్దుకున్నాడు. పైన అరుగు ఎత్తు ఒకసారి చూశాడు, తరువాత యాగప్పని చూశాడు.

"తాతా, గట్టిగ లేదు గదా?"

"లేదు బాబూ. పగులుద్ది. భయపడకుండా నడుం వాల్చు."

అన్నాడే గానీ సమ్మనసు నడుం దగ్గరి పచ్చి ఆయనకి గుర్తుంది. మౌళి నిచ్చెన ఎక్కుతుంటే ఆపుదామా అనిపించింది. పచ్చిగా ఉన్నా పలచనిది, పీచు లేనిది, విరుగుతుంది. విరగాలి. స్టార్ట్ అన్నారు. ఫ్లోరులో చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి. యాగప్ప నుదుట సిలువ గుర్తు వేసుకున్నాడు. కొమురమ్మ ఆయన చొక్కా అంచు పట్టుకుని కళ్ళు మూసుకుంది.

మౌళి వెనక్కి విరుచుకుని గాలిలోకి వచ్చాడు. పడ్డాడు. రెక్క, భుజం, తల, పిల్లవాడు అన్నీ ఒక్కసారే విచ్చుకుని తెల్లటి పొగలా లేచాయి. ఆ పొగ మధ్యలో కొంతసేపు ఏమీ కనిపించలేదు. తరువాత మౌళి మోచేతుల మీద లేచి, నెత్తి మీద పొడి దులుపుకుని, బొటనవేలు పైకెత్తాడు. ఫ్లోరంతా చప్పట్లు. డైరెక్టరు మానిటర్ ముందు నుంచి లేచి వచ్చి మౌళిని కౌగిలించుకున్నాడు.

యాగప్పని ఎవరూ కౌగిలించుకోలేదు. ఆయన అప్పటికే సంచి తీసుకుని ముక్కలు ఏరుతున్నాడు. దీవించనిదే అయినా, ఎవరి కాళ్ళ కిందా పడనివ్వడు. మౌళి వచ్చి పక్కన వంగి తనూ నాలుగు ముక్కలు ఏరాడు. "పరుపు మీద పడ్డట్టే ఉండె తాతా," అన్నాడు. యాగప్ప వాడి వీపు మీద, నడుం మీద చెయ్యి పెట్టి తడిమి చూశాడు. నలభై ఏళ్ళుగా చేసిన పనిలో ఆయనకి ఇంత తృప్తి ఎప్పుడూ కలగలేదు. ఆ మాట పైకి అనడం చేతకాక, "ఇంటికెళ్ళి వేణ్ణీళ్ళు పోసుకో," అన్నాడు.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి వాన తెరిపిచ్చింది. మధ్యలో అడ్డంగా నిలబడి ఉంది కొమురమ్మ చేసిన పగలని సమ్మనసు.

"దీన్నేం జెయ్యాలె ఇంక?"

"నువ్వే చేశావుగా. నీదే. మీ ఇంటికి తీసుకుపో."

"మా ఇంట్ల నిలువడితే నెత్తి కప్పుకు తగుల్తది. నేను యాడ పండుకోవాలె, రెక్క కిందనా?"

ఇద్దరూ నవ్వుకుంటూ దాన్ని గోడ వారకు జరపబోయారు. అలసిన చేతులు. రెక్క కొస తలుపు రేకుకి తగిలి ఫట్టున విరిగి కింద పడింది. కొమురమ్మ గుండెలు బాదుకుంది. యాగప్ప మాత్రం నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఒళ్ళంతా పీచు కూరి, రెక్కకి మరిచిపోయావా తల్లీ?"

"రెక్కలకు గూడ వెడితే ఎగురుడు కష్టమైతదనుకున్న," అంది ఆవిడ, ఏడుపు నవ్వు కలిసిన గొంతుతో.

"నువ్వు పద. నల్లా నీళ్ళు వచ్చే టైమయింది. నేను దీన్ని అతికించి వెళ్తాను."

గుమ్మం దాకా పోయి ఆగింది కొమురమ్మ. రేపటి పండుగ ఆవిడ ఎప్పుడూ ఇవాళ అడగదు. ఇవాళ పొద్దున తిన్న తిట్లు ఇంకా అరగలేదేమో, ఇంకో మాట వినిపోదామనిపించినట్టుంది.

"అన్నా, రేపు ఎవలది?"

"అన్నమ్మగారిది, జ్వాకీముగారిది. మరియమ్మ తల్లీ తండ్రీ. అంటే ప్రభువుకి అమ్మమ్మా తాతయ్యా."

"దేవునికి గూడ అమ్మమ్మ ఉన్నదా!" కొమురమ్మ ముఖం విప్పారింది. "అయితే మంచిగ పెరిగిండు." దారి పొడుగునా తనలో తనే నవ్వుకుంటూ వెళ్ళింది.

తెల్లవారి ఆవిడ వచ్చేసరికి షెడ్డు తలుపు తీసే ఉంది. పాలపొట్లం కింద పెట్టి లోపలికి చూసింది. యాగప్ప సమ్మనసు పక్కన స్టూలు మీద కూర్చుని, తల గోడకి వాల్చి ఉన్నాడు. గుడికి పోకుండా ఇక్కడే నిద్రపోయాడేమిటని ఆశ్చర్యపోయింది. దగ్గరికొచ్చి, "అన్నా" అని భుజం ముట్టుకుంది. చల్లగా ఉంది. గుండె ఆగిపోయిందని, రాత్రి ఎప్పుడో నిద్రలోనే పోయి ఉంటాడని డాక్టరు చెప్పాడు. బాధ పడి ఉండడు అని కూడా అన్నాడు. ఆ ముఖం చూసినవాళ్ళకి ఆ మాట ఎవరూ చెప్పక్కర్లేదు.

గుడిలో పూజ ఫాదర్ స్వయంగా చేశారు. సినిమావాళ్ళు అనుకున్నదానికన్నా ఎక్కువమందే వచ్చారు. వడ్రంగులు, లైట్‌బాయ్స్, పెయింటర్లు వచ్చి, ఎప్పుడు లేవాలో ఎప్పుడు మోకరించాలో తెలియక, ముందువాళ్ళని చూసి లేస్తూ కూర్చుంటూ ఉన్నారు. సాయిశ్రీనివాస్ దండ తెచ్చాడు. పెట్టె ఎత్తేటప్పుడు ముందు వరసలో కుడిపక్కన భుజం పెట్టింది మౌళి. సమాధుల తోట దాకా ఎవరికీ మార్చుకోనివ్వలేదు. వాడికి యాగప్ప ఆ షూటింగులో తెలిసిన తాత, అంతే. ఆ రోజు పొద్దున షెడ్డులో జరిగింది వాడికి తెలియదు. తెలిసిన మనిషి వెనకాల కొంగు నోట్లో కుక్కుకుని నడుస్తోంది. నా పీచుకి ఆయన ఊపిరి బదులిచ్చిండు అని ఆవిడ లోపల అనుకుంటూనే ఉంది. అది నిజం కాదని ఫాదర్ తరువాత ఎంత చెప్పినా సగమే నమ్మింది. ఆ మిగతా సగంతోనే ఆయన్ని రోజూ తలచుకుంటోంది.

షెడ్డుకి కొత్త మేస్త్రి వచ్చాడు. మంచి పనివాడు, టోలిచౌకి నుంచి వస్తాడు. అడ్డంగా ఉందని ఆ సమ్మనసును తీసేద్దామన్నాడు. కొమురమ్మ ఒప్పుకోలేదు. రోజూ పొద్దున్నే చాయ్ పెట్టే ముందు దాని మీద దుమ్ము దులుపుతుంది. పాదాలు తుడుస్తుంది, పిల్లవాడి ముఖం తుడుస్తుంది. విరిగిన రెక్క ఎప్పుడో గట్టిపడి అతుక్కుపోయింది. అతుకు ఆరేదాకా కదలకుండా యాగప్ప చుట్టిన ఆయన గళ్ళ తువ్వాలు మాత్రం, ఆయన వేసిన ముడితోనే, ఇంకా రెక్కకి ఉంది.